తరుగు పోను చేతికెంత?

అడిగిన ప్రశ్న: "ప్రస్తుతం రొయ్యల ల్యాబ్‌లో చేస్తున్నాను. గ్రాస్ 20,500, చేతికి 18,300 వస్తోంది. భీమవరంలో ఒక ఫీడ్ (రొయ్యల మేత) కంపెనీ వాళ్లు ఫీల్డ్ టెక్నీషియన్‌గా రమ్మంటున్నారు, ఏడాదికి 3.60 లక్షల సీటీసీ, పెట్రోల్‌కి నెలకు 3,000. మా బాబాయి మాట మీద పిలిచారు. ఇంకా అడిగితే బాగుండదేమో?"

అడగండి. కాకపోతే ముందు అడగాల్సింది పెంచమని కాదు, జీతం విడగొట్టి రాసిన కాగితం. ఆకివీడు, కాళ్ల, మొగల్తూరు చెరువుగట్ల మీద ఇదే పని చేస్తూ తిరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

సీటీసీ అంటే కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. 3.60 లక్షలు అనగానే నెలకు 30,000 అని లెక్క వేసేసుకుంటాం. పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్య పట్టే రోజు చూసే ఉంటారు, నీళ్లు కారాక గానీ క్రేటు కాటా ఎక్కదు, ఆ పైన మళ్లీ తరుగు తీస్తారు. సీటీసీ నీళ్లతో సహా చెప్పిన బరువు. బేసిక్ 15,000 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీకి 4.81 శాతం చొప్పున 721, ఈ రెండూ సాధారణంగా ఆ 30,000లోనే చూపిస్తారు. టార్గెట్ చేరితేనే ఇచ్చే ఇన్సెంటివ్ పేరుతో ఒక 3,000 పక్కన పెట్టారనుకోండి, మిగిలింది 24,479. అందులో మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 22,479. (పీఎఫ్ మన డబ్బే లెండి, ఎక్కడికీ పోదు. కానీ అది మీకు ఇప్పుడూ పడుతోంది కదా.) అంటే పెరిగింది నాలుగు వేల చిల్లర.

ఇప్పుడు పెట్రోల్. ఫీల్డ్ ఉద్యోగంలో అసలు జీతం అక్కడే తేలుతుంది. రోజుకు 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగితే 2,000 కిలోమీటర్లు. బండి 45 ఇస్తే 44 లీటర్లు, లీటరు 110 లెక్కన దాదాపు 4,900. వాళ్లిచ్చేది 3,000. పెరిగిన నాలుగు వేలల్లో 1,900 ట్యాంకులోకి పోయింది. టైర్లు, చెయిన్ కిట్ ఇంకా లెక్కలోకి రాలేదు. ఉప్పునీటి గాలికి బండి ఎంత త్వరగా తుప్పు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను దెబ్బ తిన్నది సరిగ్గా ఇక్కడే. 2018లో నన్ను తీసుకున్న మేనేజరు మా ఊరాయనే, వరసకు మావయ్య. పెట్రోల్ సంగతి ఎత్తితే "మనం చూసుకుందాంలే అల్లుడూ" అన్నారు. ఇంకేం అడుగుతాను, మొహమాటం. ఆరు నెలలకు ఆయన నెల్లూరు వైపు బదిలీ అయిపోయారు. ఆయన స్థానంలో వచ్చినాయన తప్పు పట్టడానికి లేకుండా ఒకే మాట అడిగాడు, "ఏ కాగితంలో ఉందండీ?" ఏడాదిన్నర నా జేబులోంచే పోయించుకున్నాను.

2021లో మారేటప్పుడు రెండు నెలల మీటరు రీడింగ్ డైరీలో రాసుకుని వెళ్లాను. హెచ్ఆర్ మేడమ్ బేసిక్ గ్రేడ్ ప్రకారమే, మార్చలేం అన్నారు. సరే అని కిలోమీటరు లెక్కన పెట్రోల్, ఇన్సెంటివ్‌లో సగం ఫిక్స్‌డ్‌లోకి, ఈ రెండే అడిగాను. "చూసి చెబుతాం" అన్నారు. నాలుగు రోజులు టెన్షన్‌తో నిద్ర లేదు. అయిదో రోజు గట్టు మీద చెక్ ట్రే (రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్లెం) చూస్తుండగా ఫోన్ వచ్చింది, రెండూ ఒప్పుకున్నారు.

ఇన్సెంటివ్ గురించి ఎందుకంత పట్టు అంటే, అది మన చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లింది. అలా రొయ్య రేటు మీద దెబ్బ పడినప్పుడు రైతు చెరువులో రొయ్య పిల్ల వేయడానికి వెనకాడతాడు. పిల్ల పడకపోతే ఫీడ్ కదలదు, మీ టార్గెట్ మాత్రం కదలకుండా అక్కడే కూర్చుంటుంది.

ఇంకొకటి, చాలామంది చూసుకోరు. మీ గ్రాస్ 21,000 లోపు కాబట్టి ఇప్పుడు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ వైద్య బీమా) ఉంటుంది, మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకూ వైద్యం అందుతుంది. కొత్త జీతంతో అది పోవచ్చు, ఉంటుందో లేదో కనుక్కోండి. కంపెనీ మెడికల్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులను చేరుస్తారా అని తప్పకుండా అడగండి. నా దృష్టిలో ఇది వెయ్యి రూపాయల హైక్ కంటే ఎక్కువ.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే మాత్రం చూపించి వెనక్కి తెచ్చుకోండి, వదిలి రావద్దు.

ఇక బాబాయి గారి సంగతి. బేరం ఆయనతో ఆడించకండి, ఆయన మధ్యలో నలిగిపోతారు. ముందుగా "బాబాయ్, పెట్రోల్, ఇన్సూరెన్స్ సంగతి నేనే ఆఫీసులో అడుగుతున్నాను" అని ఒక మాట చెవిన వేయండి. తర్వాత కంపెనీకి ఫోన్ చేసి, "చేరడం నాకూ ఇష్టమేనండి. నెల నెలా చేతికొచ్చేది, పెట్రోల్ రేటు ఆఫర్ లెటర్‌లో రాసి మెయిల్ చేస్తే చూసుకుని రెండు రోజుల్లో చెబుతాను" అనండి. ఆ మెయిల్ వచ్చేదాకా ల్యాబ్‌లో రాజీనామా ఇవ్వకండి.