ఆ వార్త ఎక్కడ పుట్టిందో చూశారా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పీజీలో అంతర్జాతీయ సంబంధాలు తీసుకోవాలని ఉంది. యుద్ధాలు, శరణార్థులు, వాతావరణ మార్పు గురించి రోజూ చదువుతున్నా, ఎక్కడ చూసినా అవే నాలుగు ముక్కలు. పోనీ యూట్యూబ్‌లో ‘మీడియా దాచిన నిజాలు’ అంటూ వచ్చేవి చూద్దామంటే ఇంకా టెన్షన్. ఎవరి ఒత్తిడీ లేని సమాచారం ఎక్కడ దొరుకుతుంది? ఇలా వెతికి చదవడం ఉద్యోగానికి ఏమైనా పనికొస్తుందా?

జవాబు: అన్నిచోట్లా ఒకే ముక్కలు కనిపించడం వెనక కుట్ర ఏమీ లేదు, ఖర్చు లెక్క ఉంది. విదేశాల్లో సొంత విలేకరిని పెట్టుకోవడం చాలా సంస్థలకు తలకు మించిన భారం. అందుకే వార్తలు సేకరించి అమ్మే ఏజెన్సీల మీద ఆధారపడతాయి. 1846లో పుట్టిన అసోసియేటెడ్ ప్రెస్, 1851లో మొదలైన రాయిటర్స్, ఫ్రాన్స్‌కు చెందిన ఏఎఫ్‌పీ పంపిన కాపీకి హెడ్డింగు మార్చి వేసుకునేవాళ్లే ఎక్కువ. పదిచోట్ల చదివానని మీరు అనుకుంటారు, రాసింది మాత్రం ఒక్కరే అయి ఉండొచ్చు. కాబట్టి వార్త చదివే ముందు అది ఏ ఊరి నుంచి వచ్చింది, ఏజెన్సీ పేరు ఉందా అని చూడండి. ఈ ఒక్క అలవాటుతోనే సగం చిక్కు విడిపోతుంది.

మీ ప్రశ్నలో ‘ఒత్తిడి లేని’ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. అలాంటి సంస్థ కోసం వెతికితే అలసిపోతారు. ఎవరి డబ్బుతో నడుస్తోందో తెలుసుకోవడం దానికంటే తేలిక. అల్ జజీరా వెనక ఖతార్ ప్రభుత్వ డబ్బుంది, ఆర్టీ వెనక రష్యా ప్రభుత్వం, డాయిష్ వెల్లె వెనక జర్మనీ ప్రభుత్వం ఉన్నాయి. అంతమాత్రాన వాటిలో వచ్చేదంతా అబద్ధమని కాదు. డబ్బిచ్చేవాళ్ల సొంత వ్యవహారం వచ్చినప్పుడు మాత్రం ఇంకోచోట కూడా చూసుకోవాలి. ద న్యూ హ్యుమానిటేరియన్ అనే వార్తా సంస్థ కథ దీనికి మంచి ఉదాహరణ. రువాండా మారణహోమం తర్వాత 1995లో ఐక్యరాజ్య సమితి ఐరిన్ పేరుతో దాన్ని మొదలుపెట్టింది. సమితి సహాయ కార్యక్రమాల గురించి రాయాల్సినవాళ్లు సమితిలోనే ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. 2015లో అది విడిపోయి స్వతంత్ర సంస్థ అయింది. శరణార్థుల విషయంలో నేను ముందు అక్కడే చూస్తాను.

ఇక పెద్ద మీడియాకు ‘ప్రత్యామ్నాయం’ అనే మాట. ఈ మాట వినగానే నమ్మేయడం కూడా ప్రమాదమే. 1990 అక్టోబరులో 15 ఏళ్ల కువైట్ అమ్మాయి ఒకరు అమెరికా కాంగ్రెస్ సభ్యుల ముందు కన్నీళ్లతో సాక్ష్యం చెప్పింది. ఇరాక్ సైనికులు ఆస్పత్రిలో ఇంక్యుబేటర్ల నుంచి పసికందులను తీసి నేల మీద పడేశారని ఆమె మాట. ప్రభుత్వాలకు లొంగదని పేరున్న మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కూడా పసికందుల మరణాల కథనాన్ని బలపరిచింది, తర్వాత 1991లో వెనక్కి తీసుకుంది. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, ఆ సాక్ష్యం వెనక డబ్బు తీసుకుని ప్రచారం చేసే ఒక పీఆర్ సంస్థ ఉందని 1992లో బయటపడింది. అప్పటికి ఇరాక్ మీద యుద్ధం జరగడమూ ముగియడమూ అయిపోయాయి.

పన్నెండేళ్ల తర్వాత, ఇరాక్ మీద రెండో యుద్ధానికి ముందు దీనికి పూర్తి భిన్నంగా జరిగింది. ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్న వాదనను పెద్ద పత్రికలు చాలావరకు మోశాయి. న్యూయార్క్ టైమ్స్ తన కథనాల్లో లోపాలున్నాయని 2004 మేలో పాఠకుల ముందు ఒప్పుకుంది. ఆ రోజుల్లోనే గట్టిగా సందేహించినవాళ్లు నైట్ రిడ్డర్ వాషింగ్టన్ బ్యూరో విలేకరులు. అదేమీ తిరుగుబాటు పత్రిక కాదు, మామూలు దినపత్రికల గొలుసు. తేడా ఎక్కడొచ్చిందంటే, వాళ్లు మంత్రుల చుట్టూ తిరక్కుండా ఆ ఫైళ్లు స్వయంగా చూసే కింది స్థాయి నిఘా అధికారులతో మాట్లాడారు. అందుకే పీజీకి వెళ్లే పిల్లలు నన్ను ‘ఏ సైట్ మంచిది?’ అని అడిగితే, ‘ఈ విషయం వీళ్లకెలా తెలిసింది?’ అని తిరిగి అడుగుతుంటాను.

ఆ ప్రశ్నకు జవాబు పేజీ మీదే రాసిపెట్టే సంస్థలంటే నాకు ఎక్కువ గురి. 2014లో కూలిన మలేసియా విమానం ఎంహెచ్17లో 298 మంది చనిపోయారు. దాన్ని కూల్చిన క్షిపణి వాహనం ఏ దారిలో వచ్చిందో బెల్లింగ్‌క్యాట్ బృందం జనం నెట్‌లో పెట్టిన ఫొటోలు, వీడియోలతోనే పట్టుకుంది. ఏ ఫొటోలో ఏ భవనం చూసి ఏ రోడ్డు అని తేల్చారో వివరంగా రాశారు. ఓపిక ఉంటే మీరూ సరిచూసుకోవచ్చు. పనామా పేపర్స్ తెలిసే ఉంటుంది. పనామాలోని ఒక న్యాయ సేవల సంస్థ నుంచి లీకై, 2016లో వార్తల్లోకి వచ్చిన కోటీ 15 లక్షల పత్రాలను పరిశోధక పాత్రికేయుల అంతర్జాతీయ కూటమి ఐసీఐజే సమన్వయంతో అనేక దేశాల పాత్రికేయులు కలిసి చదివారు. ఏ ఒక్క దేశంలోనో ఒక యజమానిని భయపెట్టి ఆపగలిగే పని కాదది. స్థానికుల గొంతు కావాలంటే గ్లోబల్ వాయిసెస్, పేద దేశాల వైపు నుంచి చూడాలంటే 1964 నుంచి ఉన్న ఇంటర్ ప్రెస్ సర్వీస్ చూడండి.

అసలు పత్రాల జోలికి మాత్రం చాలామంది పోరు. పోవాలి. ఆయుధాల అమ్మకాల మీద వాదన వస్తే స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి డేటాబేస్ తెరవండి, 1950 నుంచి ఎవరు ఎవరికి ఏం అమ్మారో ఉచితంగా చూడొచ్చు. సంక్షోభాల నివేదికలకు రిలీఫ్‌వెబ్ ఉంది. వాతావరణానికి ఐక్యరాజ్య సమితి వాతావరణ మార్పు నిపుణుల బృందం ఐపీసీసీ నివేదికలు ఉన్నాయి. అందులో ఒక చిన్న కిటుకు చెబుతాను: ముందుండే ‘విధాన కర్తల సారాంశం’లో ప్రతి వాక్యాన్నీ ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుని ఆమోదిస్తారు. వెనకున్న అధ్యాయాలు శాస్త్రవేత్తల రాత. మీ పరిశోధనకు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదవడమే మంచి టాపిక్ కాగలదు.

యూట్యూబ్ వీడియోలు మానేయమని అనను. ఐదు నిమిషాలు చూశాక ఆపి, కొత్త ట్యాబ్ తెరిచి, మాట్లాడుతున్న మనిషి ఎవరో, అతని గురించి వేరేవాళ్లు ఏమంటున్నారో వెతకండి. వృత్తిగా ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్ల పద్ధతి ఇదే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గమనిస్తే, చరిత్ర ప్రొఫెసర్లు సైతం ఒకే పేజీని శ్రద్ధగా చదువుతూ మోసపోయారట, ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం ఆ పేజీ వదిలి బయటికెళ్లి త్వరగా తేల్చేశారు. ‘దాచిన పత్రం’ అని అరిచేవాళ్లు ఆ పత్రం లింకు ఇవ్వకపోతే నేనైతే అక్కడితో ఆపేస్తాను.

ఉద్యోగం మాటకొస్తే, పనికొస్తుంది. కానీ ‘రోజూ వార్తలు చదువుతాను’ అనే వాక్యం రెజ్యూమెలో ఎవరినీ కదిలించదు. ఒక్క అంశం పట్టుకోండి. ఉదాహరణకు ఒక ప్రాంతపు శరణార్థులు. ఆరు నెలలు వారానికో పేజీ రాయండి: ఎవరు ఏం చెప్పారు, వాళ్లకెలా తెలుసు, పోయిన నెల చెప్పిన అంకె ఎందుకు మారింది. సంస్థలు చడీచప్పుడు లేకుండా మార్చిన పేజీల పాత రూపం వేబ్యాక్ మెషీన్‌లో దొరుకుతుంది, దాన్నీ వాడండి. మీ అంచనా తప్పిన పేజీలు చించేయకండి. పరిశోధన సంస్థలు, సహాయ సంస్థల సమాచార విభాగాలు, ఫ్యాక్ట్ చెక్ డెస్కులు, కంపెనీలకు దేశాల రిస్కు అంచనా వేసే సంస్థలు, డేటా జర్నలిజం, ఇవన్నీ చూసేది ఆ పేజీల్లాంటి పనినే. పీజీ దరఖాస్తులో రాసే వ్యాసానికీ ముడిసరుకు అదే అవుతుంది.

ఇంగ్లిష్ కాకుండా ఇంకో భాష కూడా మొదలుపెట్టండి. ఐక్యరాజ్య సమితి అధికార భాషలు ఆరు: ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్, అరబిక్, రష్యన్, చైనీస్. మీరు ఎంచుకునే ప్రాంతాన్ని బట్టి ఒకటి తీసుకోండి, అందుకే ముందు అంశం తేల్చుకోండి. ధారాళంగా మాట్లాడే స్థాయి ఇప్పుడే అక్కర్లేదు. అక్కడి పత్రిక హెడ్డింగులు అనువాదం లేకుండా అర్థమైతే చాలు, పీజీలో చేరేలోపు అది సాధ్యమే.