ఆ గడియారం సంగతి నాన్నకి చెప్పకు

"మేడమ్, నాకు 20 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ నుంచి వచ్చాక, సెలవుల్లో బోలెడు టైమ్ ఉంటుంది, ఏం చేయాలో తోచదు. ఫోన్ చూస్తూ పడుకుంటాను, లేచేసరికి నా మీద నాకే చిరాకు. గిటార్ మొదలుపెట్టి రెండు నెలలకి వదిలేశాను. వాటర్ కలర్స్ మూడు వారాలు. ఆన్‌లైన్‌లో కోడింగ్ కోర్సు సగంలో ఉంది. నాన్న చాలా సపోర్ట్ చేస్తారు. ఏది అడిగినా మర్నాడే తెచ్చిస్తారు. రోజూ రాత్రి భోంచేసేటప్పుడు ఎంతవరకు వచ్చిందని అడుగుతారు, 21 రోజుల చార్ట్ కూడా గీసి నా బల్ల ముందు అంటించారు. అయినా నాకే నిలకడ లేదు. మొన్నొక రాత్రి తాతయ్యగారి పాత అలారం గడియారం విప్పుతూ కూర్చుని రెండింటిదాకా టైమ్ వేస్ట్ చేశాను, మళ్లీ బిగించాక ఒక స్క్రూ మిగిలిపోయింది కూడా. నాకు నచ్చేవి, రెజ్యూమెకి పనికొచ్చేవి ఓ ఐదు హాబీలు చెప్పండి."

తల్లీ, ఐదు హాబీలు చెప్పను. అలాంటి జాబితాలు నీ ఫోన్‌లోనే కావలసినన్ని ఉంటాయి, నువ్వు ఈపాటికి చూసే ఉంటావు, చూసి కూడా నాకు రాశావంటే వాటితో పని జరగలేదనే కదా. ఇక రెజ్యూమె అంటావా, దానికి చదువుంది, ఇంటర్న్‌షిప్‌లున్నాయి. ఆ బరువు తెచ్చి హాబీ నెత్తిన పెట్టకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గిటార్‌కి ఒక వాక్యం, రంగులకి నాలుగే మాటలు. నాన్నకి మాత్రం మూడు వాక్యాలు రాశావు. గిటార్ వాయిస్తే ఎలా ఉండేదో, రంగులు తడి కాగితం మీద పాకుతుంటే ఏమనిపించేదో ఒక్క ముక్క రాయలేదు. ఎన్నాళ్లు చేశానో లెక్క మాత్రం రాశావు. ఆ లెక్క ఎవరికి చెప్పడానికి? నేను అడగలేదు కదా. రోజూ రాత్రి భోజనం దగ్గర చెప్పీ చెప్పీ నీకు అలా చెప్పడమే అలవాటైపోయింది.

మీ నాన్నగారు మంచివారు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివి మేడమ్ నాన్నని తప్పు పట్టారని నువ్వు బాధపడతావు. తప్పు పడుతున్నాను కూడా. పిల్లలు అడిగినవి కొనివ్వని తండ్రుల గురించి నాకు బోలెడు ఉత్తరాలు వస్తాయి, వాటికి జవాబు రాయడం తేలిక. అడిగిన మర్నాడే అన్నీ తెచ్చిపెట్టే తండ్రి గురించి ఏమైనా అనాలంటే నోరు రాదు, ఆ పిల్లకి కూడా రాదు. అందుకే తనకే నిలకడ లేదనుకుంటుంది.

జరిగింది చూడు. గిటార్ నేర్చుకుంటే బాగుంటుందేమో అని నీకు అనిపించింది. ఆ "ఏమో"లో ఇంకా సగం సందేహమే ఉంది, దాన్ని కొన్నాళ్లు మనసులో నాననివ్వాలి, ఎవరిదో ఒకటి అడిగి వాయించి చూడాలి, వేళ్లు నొప్పెట్టాక కూడా మళ్లీ పట్టుకోబుద్ధి అవుతుందో లేదో తెలియాలి. అవేవీ జరగకముందే మర్నాటికి కొత్త గిటార్ ఇంటికొచ్చింది. దాంతో ఆ సరదా కాస్తా బాకీ అయి కూర్చుంది. నాన్న డబ్బు, నాన్న ఆశ, రాత్రికి నాన్న అడిగే ప్రశ్న. ఇక నువ్వు దాన్ని తీసి వాయించినా నాన్న కోసమే, తీయకపోయినా నాన్నకి సమాధానం చెప్పలేకే. మధ్యలో నీకంటూ ఏం మిగిలింది?

నేనూ ఈ తప్పు చేశాను. మా అబ్బాయి చిన్నప్పుడు నోటుపుస్తకాల వెనక పేజీల్లో రైలింజన్లు గీసేవాడు. ముందు చక్రాలు వేసేవాడు, పొగ చివర. ఒక బొమ్మ మరీ బాగుందని ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించాను, వచ్చినవాళ్లందరికీ చూపించాను, "ఇంకోటి గీయి కన్నా, ఆంటీకిద్దాం" అనేదాన్ని. వాడు గీయడం మానేశాడని కూడా నాకు చాలా నెలలదాకా తెలియలేదు. పెద్దయ్యాక వాడే చెప్పాడు, "ఆ ఫ్రేమ్ కట్టించాక చక్రం వంకర పోతుందేమోనని భయమేసేదమ్మా" అని. ఆ ఫ్రేమ్ ఇంకా హాల్లోనే ఉంది. అటు చూపు పోయినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది.

దీని మీద అమెరికాలో చేసిన ఒక ప్రయోగం 1973లో అచ్చయింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలోని నర్సరీ స్కూల్లో, బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి ముందే, బొమ్మ గీస్తే బంగారు రంగు ముద్ర, రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామన్నారు. కొందరికి ఏమీ చెప్పకుండా గీశాక ఇచ్చారు. ఇంకొందరికి అసలు ఏమీ ఇవ్వలేదు. ఒకట్రెండు వారాల తర్వాత అవే స్కెచ్ పెన్నులు క్లాసులో ఊరికే పెట్టి చూస్తే, సర్టిఫికెట్ వస్తుందని ముందే తెలిసి గీసిన పిల్లలు మిగతావాళ్లలో సగం సేపే వాటితో గడిపారు. గమనించావా, చెప్పకుండా ఇచ్చిన పిల్లలకి ఏమీ కాలేదు. అంటే మెచ్చుకోవడంలో చెడు లేదు. గీస్తున్నంతసేపూ చివర్లో వచ్చేదాని మీదే కన్ను ఉండటంలో ఉంది. నీకు ఆ చివర్లో వచ్చేది రోజూ రాత్రి భోజనాల వేళకి వస్తోంది.

ఆ 21 రోజుల చార్ట్ కూడా తీసేయ్. అలవాటు పడటానికి 21 రోజులు చాలన్న మాట నిలబడేది కాదు. లండన్‌లో 96 మందిని 12 వారాలు గమనించి 2009లో ప్రచురించిన పరిశోధనలో సగటున 66 రోజులు తేలింది, మనిషిని బట్టి 18 నుంచి, 12 వారాల తర్వాతది అంచనా కట్టి, 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. మీ చార్ట్‌లో ఒక గడి ఖాళీ ఉంటే నాన్న ముఖం ఎలా ఉంటుందో నీకు తెలుసు, అందుకే ఒక రోజు తప్పగానే మొత్తం వదిలేస్తున్నావు.

ఇప్పుడు గడియారం దగ్గరికి వద్దాం. నీ ఉత్తరంలో నాకు ఊపిరి తగిలిన చోటు అదొక్కటే, దాన్నేమో నువ్వు నేరం ఒప్పుకున్నట్టు రాశావు. ఎవరూ కొనివ్వలేదు, ఎవరూ చెయ్యమనలేదు, చార్ట్‌లో లేదు, తెల్లారి ఎవరికీ చెప్పుకోవాల్సిన పని లేదు. రెండింటిదాకా కూర్చున్నావు. ఒక స్క్రూ మిగిలిందని గుర్తుపెట్టుకుని మరీ రాశావు. నిలకడ లేని పిల్ల చేసే పనా ఇది? ఇంకోసారి ఆ మాట అనుకోకు.

దాన్నే మళ్లీ తెరువు. ఈసారి కొంచెం పద్ధతిగా. కీ ఇచ్చే గడియారంలో స్ప్రింగ్ చుట్టుకుని బిగువు మీద ఉంటుంది, దాన్ని అలాగే విప్పితే ఒక్కసారిగా విచ్చుకుని వేళ్లు కోస్తుంది. చాలావాటిలో అలారానికి వేరే స్ప్రింగ్ కూడా ఉంటుంది. అలారం పూర్తిగా మోగిపోనివ్వు, గడియారం దానంతట అది ఆగేదాకా ఉండు. ఆగాక కూడా కొంత బిగువు మిగిలే ఉంటుంది కాబట్టి స్ప్రింగ్ ఉన్న భాగం జోలికి పోయేముందు గడియారాలు బాగుచేసేవాళ్లని ఎవరినైనా అడిగి తెలుసుకో. బాగా పాతదైతే, చీకట్లో వెలిగే అంకెలు గానీ ముళ్లు గానీ ఉంటే, వాటి మీది పూతని గీకకు, ఒకప్పుడు దానికి రేడియం వాడేవారు. ఇప్పుడు వెలగకపోయినా సరే. ప్రతి స్క్రూ తీసేముందు ఒక ఫోటో తీసుకో, తీసిన వరసలోనే పక్కన పేర్చుకో. లోపల చూస్తే ఒక చిన్న కొక్కెం పళ్ల చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున ఆపి వదులుతూ ఉంటుంది, ఆ ఆగడమే మనకి వినపడే టిక్ టిక్. దాన్ని ఒకసారి వేలితో నెమ్మదిగా కదిపి చూడు.

జాన్ హారిసన్ అని ఇంగ్లండ్‌లో ఒకాయన ఉండేవాడు. వడ్రంగి కొడుకు, తనూ వడ్రంగే. 1713లో, సరిగ్గా నీ వయసులో, లోపలి చక్రాలతో సహా దాదాపు మొత్తం చెక్కతోనే గడియారం చేశాడు. తర్వాతెప్పుడో, నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్కగట్టడానికి పనికొచ్చే గడియారం చేసి చరిత్రలోకి ఎక్కాడు. దానికోసం పార్లమెంటు పెద్ద బహుమతి ప్రకటించింది 1714లో. అంటే అతను మొదటి గడియారం చేసేనాటికి ఆ బహుమతే లేదు. నువ్వు అంతదానివి కావాలని కాదు ఇది చెప్తున్నది, కాకపోయినా ఫర్వాలేదు. ఆ పని అతన్ని పట్టుకున్నప్పుడు చుట్టూ ఎవరూ దానికి వెల కట్టలేదు, అది చూడమంటున్నాను.

గడియారం నీకు రెండు నెలల్లో విసుగు పుట్టొచ్చు. పుట్టనీ. విసుగు వచ్చినప్పుడల్లా ఏదో ఒకదాంతో వెంటనే నింపేయాలని మీ ఇంట్లో అందరికీ ఆత్రం. ఖాళీగా కూర్చోవడం మనిషికి కష్టమే, 2014లో వచ్చిన ఒక పరిశోధనలో మనుషుల్ని ఏ పనీ లేకుండా 15 నిమిషాలు ఒంటరిగా కూర్చోబెడితే 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు, తోచక అక్కడ పెట్టిన మీట నొక్కి తమకి తామే కరెంటు షాక్ ఇచ్చుకున్నారు. కాబట్టి ఫోన్ పట్టుకున్నందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు, కానీ ఒక గంట దాన్ని పక్క గదిలో పెట్టి ఊరికే ఉండి చూడు. ఆ రాత్రి గడియారం మీదికి చెయ్యి పోయినట్టే, మళ్లీ దేనిమీదికో పోతుంది.

అసలు పని ఇంకోటుంది, అది హాబీ కన్నా కష్టం. నాన్నతో మాట్లాడాలి. మెసేజ్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. "నాన్నా, గిటార్ ఇక వాయించను. మీ డబ్బు పోయిందని నాకు బాధగానే ఉంది. వాయించేవాళ్లెవరికైనా ఇచ్చేద్దాం, ఆ పని నేనే చూస్తాను. ఇకమీదట నేను ఏదైనా అడిగినా వెంటనే కొనకండి. నేను ఏం చేస్తున్నానో నేనే చెప్తాను, అడగకండి." ఇంతే. గొంతు పెంచక్కర్లేదు, ఏడవక్కర్లేదు, కోడింగ్ కోర్సు పూర్తి చేస్తానని మధ్యలో మాటివ్వక్కర్లేదు. అబద్ధం మాత్రం వద్దు. రాత్రిపూట గదిలో ఏం చేస్తున్నావని అడిగితే చదువుతున్నానని చెప్పకు, "నా పని ఏదో చేసుకుంటున్నాను నాన్నా" అను. తండ్రికి అబద్ధం చెప్పడం వేరు, అన్నీ విప్పి చెప్పకపోవడం వేరు. 20 ఏళ్ల పిల్లకి రెండోదానికి హక్కుంది.

ఆయన నొచ్చుకుంటారు. రెండు మూడు రోజులు ముభావంగా ఉంటారు, అమ్మ వచ్చి "నాన్నని అంత మాట అన్నావా" అంటుంది. అప్పుడు జాలిపడి గిటార్ మళ్లీ తీశావో, కథ మొదటికొస్తుంది. తట్టుకో.

అలాగని ఆయన్ని అలా వదిలేయమని కాదు. ఒక్కటి అడుగుతాను, నువ్వు ఆయన్ని ఏదైనా అడిగి ఎన్నాళ్లయింది? ఆయన రోజూ "ఎంతవరకు వచ్చింది" అని అడుగుతున్నారంటే, నీతో మాట్లాడటానికి ఆయన దగ్గర ఇంకో మాట లేక కూడా కావచ్చు. కూతురు పెద్దదైపోయింది, కాలేజీ కబుర్లు తనకి అర్థం కావు, సినిమాలు కలవవు, ఏదైనా కొనిస్తే ఆ రాత్రికి ఒక మాట దొరుకుతుంది. ఆ ఒక్క దారీ నువ్వు మూసేస్తున్నప్పుడు ఇంకోటి తెరవాల్సింది కూడా నువ్వే, అది కూతురిగా నీ బాధ్యత. ఆయన రోజు ఎలా గడిచిందో నువ్వే అడుగు. నీ వయసులో ఖాళీ దొరికితే ఏం చేసేవారో అడుగు. ఆ అలారం గడియారం తాతయ్య ఎన్నింటికి పెట్టుకునేవారో, అది మోగినప్పుడు ఇంట్లో ఎవరెవరు లేచేవారో అడుగు. విప్పావని చెప్పకు, ఊరికే అడుగు. ఆయన చెప్తుంటే మధ్యలో ఫోన్ చూడకు.

ఇక ఆ మిగిలిపోయిన స్క్రూ. అది ఎక్కడిదో తెలిసినరోజు నాకు కూడా రాయకు.