ఆ నోట్‌బుక్ మళ్లీ వాడి చేతికివ్వండి

ప్రశ్న: మాది ఖమ్మం. ఎరువుల షాపు ఉంది. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్, వయసు 16. టెన్త్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఆరు నెలలుగా 'సిన్ సిటీ' అనే ఇంగ్లిష్ సినిమా పట్టుకుని వదలడం లేదు. ఒకరోజు నేనూ పక్కన కూర్చున్నాను. చేతులు నరకడం, తలలు నరకడం, ఒంటిమీద సరిగా బట్టలు లేని ఆడవాళ్లు. చూడలేక సగంలో లేచి వచ్చేశాను. వాడి నోట్‌బుక్ తెరిస్తే అన్నీ తుపాకులు, నల్లటి బొమ్మలు. తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. ఎప్‌సెట్ రాయడట, వీఎఫ్‌ఎక్స్, అంటే సినిమాలకి కంప్యూటర్ గ్రాఫిక్స్ చేయడం, నేర్చుకుంటాడట. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 3 లక్షలు కడితే ఏడాదిలో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. వాణ్ని డాక్టర్‌కి చూపించాలా? ఆ కోర్సులో చేర్పించాలా? – ఒక తండ్రి

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు.

డాక్టర్ సంగతి ముందు తేల్చేద్దాం. ఫోన్‌లో నేను అడిగినవాటికి మీరు చెప్పిందేమిటి? వేళకి తింటున్నాడు, నిద్రపోతున్నాడు, కాలేజీ మానడం లేదు, ఆదివారం క్రికెట్‌కి వెళ్తున్నాడు. ఒక్క మీతోనే మాట్లాడటం లేదు. అది జబ్బు కాదు, అలక. ఎవరినో కొడతాననో, తనకే ఏదో చేసుకుంటాననో అంటుంటే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమనేవాణ్ని.

ఇక ఆ నోట్‌బుక్. నేను అడగ్గానే బీరువా తీసి 11 పేజీలు ఫొటోలు తీసి పంపారు, థాంక్స్. మీకు తుపాకులు కనపడ్డాయి. నాకు ఏడో ఫొటో దగ్గర చెయ్యి ఆగిపోయింది. రాత్రిపూట బస్టాండ్, వాన, షెడ్డు కింద ఒక మనిషి. ఇంక్ పెన్నుతో వేశాడు. కాస్త దగ్గరగా చూడండి, ఆ పేజీలో వానకంటూ గీసిన గీత ఒక్కటీ లేదు. చుట్టూ చీకటంతా నల్లగా నింపుకుంటూ వచ్చి, చినుకు పడేచోట కాగితాన్ని అలాగే వదిలేశాడు. ఇంక్‌తో చెరిపేయడం కుదరదు కదా. అంటే పెన్ను పెట్టకముందే ఏది వదలాలో అనుకుని మొదలుపెట్టాడన్నమాట. ఎవరూ నేర్పకుండా 16 ఏళ్లకి ఇలా ఆలోచించే పిల్లలు నా దగ్గరికి ఎక్కువమంది రారు.

ఇంకో సంగతి కూడా కనిపెట్టాను. ఆ 11 పేజీల్లో ఉన్న మనుషులందరి చేతులూ జేబుల్లోనే ఉన్నాయి, లేకపోతే కోటు వెనక దాగున్నాయి. తుపాకులు కూడా విడిగానే ఉన్నాయి, ఒక్కటీ ఎవరి చేతిలోనూ లేదు. మీవాడికి చేతులు వేయడం రాదు! దీని గురించి చివర్లో చెప్తాను.

వాడికి ఆ సినిమాలో ఏం దొరికిందో అర్థం కావాలంటే అదెలా తయారైందో తెలియాలి. సిన్ సిటీ ముందు కామిక్, అంటే బొమ్మల కథ. ఫ్రాంక్ మిల్లర్ అనే అమెరికన్ కామిక్ ఆర్టిస్టు 1991లో మొదలుపెట్టాడు. నలుపు, తెలుపు అంతే, మధ్యలో బూడిదరంగు కూడా దాదాపు ఉండదు. అంతకుముందు హాలీవుడ్‌లో కథలు రాసి చేతులు కాల్చుకున్నవాడు కాబట్టి దీన్ని సినిమాకి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అప్పుడు రాబర్ట్ రోడ్రిగ్జ్ అనే డైరెక్టర్ ఆయన్ని టెక్సస్‌లోని ఆస్టిన్‌కి పిలిపించి, చిన్న సీన్ ఒకటి తీసి చూపించాడు. 2005లో వచ్చిన సినిమా మొదలయ్యేది ఆ సీన్‌తోనే. మిల్లర్ పేరు కూడా డైరెక్టర్‌గా పడాల్సిందేనని పట్టుబట్టి, రూల్స్ ఒప్పుకోవని డైరెక్టర్ల గిల్డ్ అంటే ఏకంగా గిల్డ్‌కే రాజీనామా చేశాడు రోడ్రిగ్జ్.

దాదాపు సినిమా అంతా గ్రీన్ స్క్రీన్ ముందు తీశారు, అంటే ఆకుపచ్చ తెర ముందు నటింపజేసి, వెనక దృశ్యాన్ని తర్వాత కంప్యూటర్‌లో పెట్టడం. కట్టిన సెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్టోరీబోర్డు (షూటింగ్‌కి ముందు షాట్లని బొమ్మలుగా వేసుకోవడం) వేరే వేయించలేదు, కామిక్ పేజీలే స్టోరీబోర్డు. ఒళ్లంతా పసుపురంగులో కనిపించే విలన్ గుర్తున్నాడా? మీరు లేచొచ్చాక వచ్చుంటాడు. షూటింగ్‌లో అతనికి పూసింది నీలం. పసుపు పూస్తే వెనకున్న ఆకుపచ్చతో కలిసిపోతుందని నీలం పూసి, తర్వాత కంప్యూటర్‌లో పసుపు చేశారు. తెల్లగా మెరిసే నెత్తురు కూడా అంతే, మొదట మెరిసే ఎర్రటి ద్రవం. ఈ ముక్క మీవాణ్ని అడిగి చూడండి. తెలిసే ఉంటుంది, అరగంట చెప్తాడు. అలక తీర్చడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు తోచడం లేదు.

బొమ్మలు వేసేవాడు సినిమా తీయడం మనకేం కొత్త కాదు. బాపు గారు ముందు ఫ్రేములన్నీ కాగితం మీద వేసుకుని, ఆ తర్వాతే కెమెరా దగ్గరికి వెళ్లేవారు. రోడ్రిగ్జ్ కూడా మొదట కార్టూనిస్టే. టెక్సస్ యూనివర్సిటీలో చదువుకునేటప్పుడు అక్కడి విద్యార్థుల పత్రికలో తన తోబుట్టువుల మీదే కామిక్ స్ట్రిప్ వేసేవాడు. మార్కులు చాలక మొదట్లో సినిమా కోర్సులో సీటు కూడా రాలేదు. ఈ మార్కుల సంగతి మాత్రం మీవాడికి మీరుగా చెప్పకండి, వాడుకుంటాడు.

హింస గురించి మీ బాధ తప్పని నేననను. అమెరికాలోనే 17 నిండని పిల్లల్ని పెద్దవాళ్లు తోడు లేకుండా ఈ సినిమాకి రానివ్వరు. అందులో ఆడవాళ్లని చూపించిన తీరు నాకూ నచ్చదు. మీరు పక్కన కూర్చుని మంచి పనే చేశారు, మధ్యలో లేచి రావడం వల్లే మాట ఆగిపోయింది. "ఆ ఊళ్లో మామూలు ఉద్యోగం చేసుకునే ఆడమనిషి ఒక్కతైనా కనపడదేంట్రా?" అని అడగండి. తిట్టినట్టు కాకుండా, నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్టు. వాడు వెంటనే జవాబు చెప్పలేకపోయినా ఈసారి చూసేటప్పుడు గుర్తొస్తుంది.

ఇప్పుడు ఆ 3 లక్షలు. జేబులోంచి తీయకండి. ఎందుకంటే, వీఎఫ్‌ఎక్స్ అనగానే మీవాడు ఆ బస్టాండ్ బొమ్మ లాంటిది ఊహించుకుంటున్నాడు. ఏడాది కోర్సు చేసినవాడికి మొదట దొరికే పని చాలావరకు రోటో. అంటే నటుడి అంచు వెంట ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి, వెనకున్న దాని నుంచి విడదీయడం. సెకనుకి 24 ఫ్రేములు. ఐదు సెకన్ల షాట్ అంటే 120 సార్లు. మాదాపూర్‌లో పనిచేసే నా పాత విద్యార్థి ఒకడు హీరోయిన్ జుట్టు మీదే రెండు వారాలు కూర్చున్నాడు. "సార్, కల్లో కూడా వెంట్రుకలే వస్తున్నాయి" అన్నాడు. ఇప్పుడు ఆ పనిలోకి కూడా ఏఐ టూల్స్ వచ్చేస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ బటన్లు మాత్రమే నేర్చుకున్నవాడికి ముందుముందు ఇంకా ఇబ్బంది.

కంపెనీల పరిస్థితీ తెలుసుకోవాలి. సిన్ సిటీలోని మూడు పెద్ద కథలకి మూడు స్టూడియోలు గ్రాఫిక్స్ చేశాయి. హైబ్రైడ్, కెఫే ఎఫ్‌ఎక్స్, ది ఆర్ఫనేజ్. ఆర్ఫనేజ్ 2009లో మూతపడింది. కెఫే ఎఫ్‌ఎక్స్ ఆ మరుసటి ఏడాది. మిగిలిన హైబ్రైడ్‌ని ఒక వీడియోగేమ్ కంపెనీ కొనుక్కుంది. ఆ సినిమా నష్టపోయిందేమో అనుకునేరు, పెట్టింది సుమారు 4 కోట్ల డాలర్లు, వచ్చింది 15 కోట్లు పైనే. మన దగ్గరికొస్తే, 'లైఫ్ ఆఫ్ పై'కి గ్రాఫిక్స్ చేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కి హైదరాబాద్‌లోనూ బ్రాంచి ఉండేది. 2013లో ఆస్కార్ అందుకోవడానికి కొద్దిరోజుల ముందే ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే పెద్ద గ్రాఫిక్స్ కంపెనీ కూలినప్పుడు బెంగళూరు, ముంబై ఆఫీసుల్లోని వాళ్లు రోడ్డున పడ్డారు. హైదరాబాద్‌లో పని లేదని కాదు, ఉంది. కానీ కంపెనీ మూతపడినా ఇంకోచోట అన్నం పెట్టేది చేతిలోని బొమ్మే గానీ, గ్యారంటీ కాగితం కాదు. ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లని ఒక్కటి అడగండి: పోయిన ఏడాది చేరినవాళ్లలో ఐదుగురి ఫోన్ నంబర్లు ఇస్తారా అని. నంబర్లు ఇచ్చి, ఆ ఐదుగురూ బాగుందంటే మళ్లీ నాకు రాయండి.

మరి దారేమిటి? మీవాడు ఫస్టియర్‌లోనే ఉన్నాడు, టైముంది. ఐఐటీల్లో బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీ ఉందని మన ఊళ్లలో చాలామంది తల్లిదండ్రులకి ఇంకా తెలియదు. దానికి యూసీడ్ అనే ఎంట్రన్స్ రాయాలి, ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, ఐఐటీ హైదరాబాద్‌లోనూ సీట్లున్నాయి. ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు. మొత్తం 300 మార్కుల్లో పార్ట్ ఏ కంప్యూటర్ మీద 200, పార్ట్ బీ కాగితం మీద 100. బొమ్మ వేయాల్సింది పార్ట్ బీలో. కానీ పార్ట్ ఏ గట్టెక్కితేనే ఆ బొమ్మ వైపు చూస్తారు. పరీక్ష జనవరిలో, అప్లికేషన్లు అక్టోబర్ ప్రాంతంలోనే మొదలవుతాయి. ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుని ఏటా కొందరు పోగొట్టుకుంటారు, మీరు ఆ జాబితాలో చేరకండి. వరుసగా రెండేళ్లు మాత్రమే రాయనిస్తారు. ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వేరే పరీక్ష, ప్రిలిమ్స్, మెయిన్స్ ఉంటాయి. అహ్మదాబాద్ క్యాంపస్‌లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది, మీవాడికి అతికినట్టు సరిపోతుంది. సీట్లు మాత్రం బహు తక్కువ.

ఇవేవీ రాకపోతే? ఇంకో దారి ఉంది. నా లెక్కలో అది రెండోది కాదు, మొదటిదానితో సమానం. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) నాలుగేళ్ల బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది. అప్లైడ్ ఆర్ట్, పెయింటింగ్, శిల్పం, యానిమేషన్ అన్నీ అక్కడే. దాని ఎంట్రన్స్‌లోనూ బొమ్మ వేయాల్సిందే. నాలుగేళ్లు మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టి గీసి గీసి బయటికొచ్చినవాడు ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఆరు నెలల్లో పట్టుకుంటాడు. అదే సాఫ్ట్‌వేర్ వచ్చినవాడు ఆరు నెలల్లో బొమ్మ పట్టుకోలేడు.

ఎప్‌సెట్ కూడా రాయించండి. ఒక పూట పని. నిప్పు, పొగ, నీళ్లు కంప్యూటర్‌లో పుట్టించేవాళ్లకి కావాల్సింది ఎంపీసీలో చెప్పే లెక్కలూ ఫిజిక్సే. రేపు వాడికి బొమ్మకంటే ఆ పొగ మీద మోజు పుట్టొచ్చు, ఎవరు చెప్పగలరు?

ఈ పని వాడికి సరిపడుతుందో లేదో తేలాలంటే ఒక చిన్న పరీక్ష పెడదాం. ఆ సినిమాలో సీన్ కాదు, మీ షాపులో జరిగిన ఏదైనా ఒక సంగతి, ఎనిమిది పేజీల కామిక్‌గా వేయమనండి. వానాకాలం ముందు యూరియా కోసం క్యూ కట్టిన రోజు ఉండే ఉంటుందిగా, అది చాలు. నెల రోజులు గడువు. సినిమా చూడటమే ఇష్టమైతే మూడో పేజీకి ఏదో సాకు చెప్తాడు. వేయడం ఇష్టమైతే, బాగా రాలేదని విసుక్కుంటూనే ఎనిమిదో పేజీకి వస్తాడు. పూర్తయ్యాక నాకు పంపండి.

ఆ క్యూ బొమ్మలో జేబుల్లో దాచడం కుదరదు, బస్తా ఎత్తాలన్నా నోట్లు లెక్కపెట్టాలన్నా చేతులు బయటికి రావాల్సిందే. అందుకని ఈరోజే నోట్‌బుక్ ఇచ్చేసి, సాయంత్రం కౌంటర్ పక్కన స్టూల్ వేసి కూర్చోబెట్టండి. ముందు మీ చేతులే గీయమనండి. వాడు గీస్తున్నంతసేపూ మీరు మాత్రం వాటిని జేబులో పెట్టుకోకండి.