లేహ్ వెళ్తున్న మేనకోడలికి

అమ్మడూ,

హెలికాప్టర్ చలి పరీక్షలకి నిన్ను లేహ్ పంపుతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దానిది స్వెట్టర్ల టెన్షన్, నాదేమో నువ్వు లాగ్‌బుక్కులో ఏం రాస్తావా అని.

మొదటి రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకు. 10,600 అడుగుల పైచిలుకు ఎత్తు, తలనొప్పితో రాసిన రీడింగులు ఎవరికీ పనికిరావు.

2015 ఫిబ్రవరిలో మన తేలికపాటి యుద్ధ హెలికాప్టర్, ఇప్పుడు ప్రచండ్ అంటున్నామే అదే, 4.1 కిలోమీటర్ల ఎత్తులో రాత్రంతా మైనస్ 18 డిగ్రీల చలిలో ఉండి పొద్దున సొంత బ్యాటరీతోనే స్టార్ట్ అయింది. చెప్పుకోవడానికి ఒక్క ముక్క, కష్టమంతా ఆ రాత్రిదే. గాలి మైనస్ 18కి దిగగానే గేర్‌బాక్సు నూనె దిగిపోదు, అంత లోహం నిదానంగా చల్లారుతుంది. అందుకే గాలి ఒక్కటే చూసి 'కోల్డ్ సోక్ అయింది', అంటే మిషన్ లోపలిదాకా చల్లారింది, అని రాయకు. నూనె, బ్యాటరీ, హైడ్రాలిక్స్, వేటికవి గంటగంటకీ రాయి.

ఉద్యోగం కొత్తలో, వేరే హెలికాప్టర్ మీద, తెల్లవారుజామున 3కి వేళ్ళు కొంకర్లు పోతుంటే నేను గాలి రీడింగ్ చూసి టిక్ పెట్టేశాను. స్టార్ట్ బ్రహ్మాండంగా అయింది, అందరూ చప్పట్లు. తర్వాత రికార్డర్ విప్పితే బ్యాటరీ మైనస్ 6 దగ్గరే ఉంది! మళ్ళీ అంత చలి రాత్రి కోసం 9 రోజులు కాచుక్కూర్చున్నాం, ఆ 9 రోజులూ మెస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

చలికి రబ్బరు సీళ్ళు బిగుసుకుని నూనె చెమ్మ వస్తుంది, వేడెక్కాక ఆగిపోయి ఏమీ జరగనట్టుంటుంది. రోటర్ ఆగగానే, మన టెక్నీషియన్లు శుభ్రత ఎక్కువై తుడిచేయకముందే, ఆ మరక ఫోటో తీసుకో. మిషన్‌ని వెచ్చటి హ్యాంగర్ షెడ్డులోకి తోసేయనివ్వకు, కనెక్టర్లలో తేమ పట్టి మర్నాడు మంచుగడ్డ కడుతుంది.

ఎండ పరీక్షలకి జోధ్‌పూర్ పంపినా ఇదే లెక్క, గాలి 42 అంటే అద్దాలు మూసిన కాక్‌పిట్ ఇంకా ఎక్కువ. ఆగస్టులో మళ్ళీ లేహ్ పంపితే విసుక్కోకు. పలచటి గాలి, పైగా వెచ్చన, ఇంజిన్‌కి అసలు ఆయాసం అప్పుడే.

బాల్ పెన్ను అక్కడ మొరాయిస్తుంది, పెన్సిళ్ళు పట్టుకెళ్ళు. గ్లవ్స్ తీయకుండా తిప్పుకునేంత పెద్ద షార్ప్‌నర్ కూడా. స్వెట్టర్లు వద్దనకు.

మీ మామయ్య