బస్తీలో హెల్త్ క్యాంపు ఎక్కడ పెట్టాలి? ముందు జనం నడిచే దారులు గీయండి

మీ బస్తీ సంఘం, ఆశాలు, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి టీకాల సెషన్లు, బీపీ-షుగర్ క్యాంపులు ఎక్కడ పెట్టాలో మ్యాప్ చూసి తేల్చుకోవాలనుకుంటున్నారు, ఎలా మొదలుపెట్టాలని అడిగారు. సికింద్రాబాద్ వైపు రైలు పట్టాలను ఆనుకుని ఉన్న ఒక బస్తీలో మేం ఈ పని చేశాం. నేను గట్టిగా చెప్పేది ఒకటే. దవాఖానా చుట్టూ కిలోమీటరు సున్నా చుట్టి, లోపలున్న వాళ్లందరికీ వైద్యం దగ్గర్లోనే ఉందని అనుకోవద్దు. జనం నిజంగా నడిచే దారి ఎంతో చూడండి.

బేస్ మ్యాప్‌కి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి గీసే ఆన్‌లైన్ మ్యాప్) చాలు. ఉచితం, గల్లీ లేకపోతే మనమే చేర్చొచ్చు. గూగుల్ మ్యాప్స్ చూసి అందులోకి ఎక్కించడం మాత్రం కుదరదు, తిరిగి చూసి గీయాల్సిందే. మీలో ఒక్కరికి క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వస్తే సరిపోతుంది. మిగతా వాళ్లకు కాగితమే మేలు.

మేం పెద్ద ప్రింటు తీసి అంగన్‌వాడీలో నేల మీద పరిచాం. గుర్తులకు బొట్టుబిళ్లలు: దవాఖానాలకు ఆకుపచ్చ, టీకాలకు జనం రాలేకపోతున్న గల్లీలకు ఎరుపు. ఎర్రబిళ్లలన్నీ పట్టాలకు అవతల ఉన్న దవాఖానాకు ఎదురుగా, ఇవతలే పడ్డాయి. మ్యాప్‌లో చూస్తే పక్కనే! ఒక ఆశా అక్క పెన్ను తీసుకుని పట్టాల వైపు వెళ్లే సందు చివర అడ్డగీత కొట్టింది. "ఇక్కడ గోడ కట్టిన్రు సార్. నిండు గర్భిణి బ్రిడ్జి దాకా తిరిగి రావాలె" అంది. ఆ గీత చూశాకే సెషన్‌ను ఇవతలి కమ్యూనిటీ హాల్‌కి మార్చారు.

అర్బన్ పీహెచ్‌సీకి (పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) దాదాపు 50,000 జనాభా అని లెక్క. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలకు (బస్తీల్లోని చిన్న సర్కారు క్లినిక్కులకు) 5,000 నుంచి 10,000. ఆ లెక్కలో గోడలూ నాలాలూ ఉండవు. పైగా వార్డు హద్దు, పీహెచ్‌సీ హద్దు, అంగన్‌వాడీ హద్దు ఒకదానితో ఒకటి కలవవు. అందుకే ముందుగా ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సు) మేడం దగ్గర పల్స్ పోలియో కోసం చేత్తో గీసిన మ్యాపులు అడగండి. ఏ టీమ్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తిరగాలో వాటిలో ఉంటుంది. అన్నీ ఒకే షీటు మీదికి తెస్తే ఎవరి హద్దులోకీ రాని ఇళ్లు బయటపడతాయి. మాకు అలా దొరికింది అపార్ట్‌మెంటు కడుతున్న చోట కూలీల రేకుల షెడ్లు. అక్కడి పిల్లల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ లేవు. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది అదే.

ఒక్క విషయంలో మొహమాటపడకండి. టీబీ, హెచ్ఐవీ ఉన్నవాళ్ల ఇళ్లను నలుగురూ చూసే మ్యాప్‌లో ఎప్పుడూ గుర్తుపెట్టొద్దు, ఎవరడిగినా సరే. మిగతా వివరాలూ ఇంటి లెక్కన కాకుండా గల్లీ లెక్కన ఇవ్వండి. గల్లీలో ఒకరిద్దరే ఉంటే రెండు మూడు గల్లీలు కలిపేయండి.

కూలీల షెడ్లు చోటు మారుతూనే ఉంటాయి కాబట్టి కొన్ని నెలలకోసారి మళ్లీ ప్రింటు తీసి కూర్చోవాలి. బుధ, శనివారాల్లో ఏఎన్ఎంలకు టీకాల పని ఉంటుంది, మీటింగు వేరే రోజు పెట్టుకోండి.