ముఖం తెలియని మనిషితో యుద్ధం గురించి వాదిస్తున్న తండ్రికి

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగిని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. మా అమ్మాయి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదువుతుండగా 2022లో యుద్ధం మొదలైంది. మెట్రో స్టేషన్‌లో తలదాచుకుని, నానా కష్టాలు పడి, పోలండ్ మీదుగా ఇల్లు చేరింది. కొన్ని నెలలుగా నేను ఆన్‌లైన్‌లో ఒక పెద్దమనిషితో వాదిస్తున్నాను. ఆయన కూడా తెలుగువారే, వయసులో నాకంటే పెద్దవారని మాటలను బట్టి తెలుస్తోంది. రష్యా చేసింది ఆత్మరక్షణ అనీ, కీవ్ దగ్గరి బుచా పట్టణంలో పౌరులను చంపారన్నదంతా నాటకమనీ అంటారు. ఆధారాలు వెతికి జవాబులు రాసేసరికి రాత్రి ఒంటిగంట దాటుతోంది. ఒకరోజు మా అమ్మాయి అనుభవం రాస్తే కట్టుకథ అని కొట్టిపారేశారు. అది అమ్మాయి కంటపడింది. "నా సంగతి ఎవరితోనూ అనొద్దు నాన్నా" అంది. అప్పటి నుంచి నాతో ముభావంగా ఉంటోంది. అసలే దీపావళి వస్తే లోపలి గదిలో తలుపేసుకుని కూర్చునే పిల్ల. మా ఆవిడ నా ఫోన్ తీసి దాచేస్తోంది. ఆయన మనసు మార్చే మార్గం చెప్పండి. ఇప్పుడు ఆపేస్తే అబద్ధానికి తలవంచినట్లు కాదా?

జవాబు: విషయం వరకు మీ మాటలో తప్పు లేదని ముందుగానే చెబుతున్నాను. ఉక్రెయిన్ తన అణ్వాయుధాలను వదులుకున్నందుకు ప్రతిగా దాని సరిహద్దులను గౌరవిస్తామని 1994లో బుడాపెస్ట్‌లో సంతకం చేసిన దేశాలలో రష్యా ఒకటి. 2022 ఫిబ్రవరి 24న ఆ సరిహద్దులు దాటి సైన్యాన్ని నడిపించినదీ ఆ దేశమే. మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో 141 దేశాలు దానిని ఖండించాయి, రష్యాతో కలిపి 5 దేశాలు ఆ తీర్మానాన్ని వ్యతిరేకించాయి, మన దేశంతో సహా 35 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. బుచాలోనూ చుట్టుపక్కల ప్రాంతాలలోనూ పౌరులను చంపిన తీరును ఐరాస మానవహక్కుల కార్యాలయం అదే ఏడాది డిసెంబరులో నివేదికగా వెలువరించింది. కాబట్టి ఇద్దరి మాటలోనూ సమానంగా నిజముందనో, ఎవరి అభిప్రాయం వారిదనో సర్దిచెప్పి మిమ్మల్ని ఆపే ఉద్దేశం నాకు లేదు. అయినా ఆపమనే చెబుతున్నాను. ఈ వాదన ఖర్చును మీకంటే ఎక్కువగా మీ అమ్మాయి భరిస్తోంది.

మీరు ఉత్తరం నిండా ఆ పెద్దమనిషి గురించి రాసి, దీపావళి నాటి సంగతిని ఒక్క వాక్యంలో దాటేశారు. నా దృష్టి ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఖార్కివ్‌లో ఆ వారం రోజులు ఎలా గడిచాయో మీకు తెలుసు. పిల్లలు హాస్టళ్ల నేలమాళిగల్లోనూ మెట్రో స్టేషన్లలోనూ బాంబుల చప్పుడు వింటూ గడిపారు. మార్చి 1న తిండి సరుకుల కోసం బయటకు వెళ్లిన కర్ణాటక విద్యార్థి ఒకరు దాడిలో చనిపోయారు. ఆ మర్నాడు, సాయంత్రంలోగా ఎలాగైనా, అవసరమైతే నడిచైనా నగరం విడిచి పిసోచిన్ వంటి శివారు ఊళ్లకు చేరుకోవాలని మన రాయబార కార్యాలయం చెప్పింది. రైళ్లలో చోటు దొరకని పిల్లలు ఎముకలు కొరికే చలిలో నడిచారు. ఇవన్నీ దాటి వచ్చిన అమ్మాయి, అందులో కొంత మీకు చెప్పింది. తన తండ్రి కాబట్టి చెప్పింది. దానిని మీరు ముఖం తెలియని మనిషి ముందు సాక్ష్యంగా పెట్టారు, ఆయన అబద్ధమని తీర్పు చెప్పాడు. మీ ఉద్దేశం మంచిదేనని నాకు సందేహం లేదు. అయితే ప్రాణభయం అనుభవించి వచ్చినవారికి, తమ మాటను నమ్మకపోవడం కొత్త గాయమవుతుంది. తనను అడగకుండానే ఆ సంగతి పదిమందిలో పడిందని తెలిసినప్పుడు, ఇంట్లో కూడా ఇక నోరు విప్పకూడదనిపిస్తుంది. మీ అమ్మాయి ముభావానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

ఈ రోజే ఆమె గురించి రాసినవన్నీ తీసేయండి. ఆ తర్వాత ఆమె దగ్గరకు వెళ్లి, "నిన్ను అడగకుండా రాశాను, అది నా తప్పు. తీసేశాను. ఇకమీదట నువ్వు సరే అంటే తప్ప ఎక్కడా చెప్పను" అని, అంతటితో ఆపండి. ఆయన అలా అన్నాడు కాబట్టి నేను ఇలా రాయాల్సి వచ్చిందన్న వివరణ ఒక్క ముక్క కూడా కలపవద్దు. అది కలిపితే క్షమాపణ మళ్లీ ఆ వాదనలో భాగమైపోతుంది. ఆమె వెంటనే కరిగి మాట్లాడుతుందని కూడా ఎదురుచూడకండి.

ఇక ఆ పెద్దమనిషి సంగతి. ఆయన వయసు తెలుగువారిలో చాలామందికి రష్యా మీద ఉన్న అభిమానం నిన్నమొన్న ఎవరో నూరిపోసినది కాదు. భిలాయి ఉక్కు కర్మాగారం, మన బాలానగర్‌లోని ఐడీపీఎల్ మందుల కర్మాగారం సోవియట్ సహకారంతో వచ్చాయి. మాస్కోలో తెలుగులో అచ్చయిన పుస్తకాలను విశాలాంధ్ర దుకాణాల్లో చౌకగా కొనుక్కుని చదువుకున్న తరం అది. 1971 ఆగస్టులో సోవియట్ యూనియన్ మనతో మైత్రీ ఒప్పందం చేసుకుంది. అదే డిసెంబరులో, పాకిస్తాన్‌తో మన యుద్ధం నడుస్తుండగా, అమెరికా తన యుద్ధనౌకలను బంగాళాఖాతం వైపు పంపింది. 2003లో ఇరాక్ మీద దండెత్తిన అమెరికా ఈనాడు ఇతరులకు నీతులు చెబుతోందన్న కోపం కూడా ఆయనకు ఉండే ఉంటుంది. ఆ కోపంలో న్యాయం ఉంది. ఇవేవీ ఉక్రెయిన్ మీద దాడిని సమర్థించవు. అయితే మీరు పంపిన ప్రతి ఆధారాన్నీ ఆయన ఒక దేశం మీద విమర్శగా చదవడం లేదు, తన యవ్వనంలో తాను నమ్మినదాన్ని తుడిచేసే ప్రయత్నంగా చదువుతున్నారు. అలాంటప్పుడు వందో ఆధారం వల్ల మొదటిదానికంటే ఎక్కువ ప్రయోజనం ఏముంటుంది?

ఈ విషయంలో పరిశోధకులు చూసింది కూడా ఇంచుమించు ఇదే. తమ అభిప్రాయాన్ని మార్చి చూడమని తామే ఇతరులను ఆహ్వానించిన వ్యక్తుల ఆన్‌లైన్ చర్చలను కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో పరిశీలించారు. అటువంటి సుముఖుల విషయంలోనే, ఒకే వ్యక్తితో మాటామాటా నాలుగైదు విడతలు దాటాక మనసు మారే అవకాశం దాదాపు లేకుండా పోయింది. మీ ఇద్దరి మధ్య అది నెలల క్రితమే దాటిపోయింది. పైగా ఆయన మిమ్మల్ని ఆహ్వానించలేదు. నలుగురూ చూస్తుండగా వెనక్కి తగ్గడం ఎంతటివారికైనా చిన్నతనంగా ఉంటుంది. ఒకవేళ ఆయన మనసు మారితే అది మీరు లేనప్పుడు, ఫోన్ పక్కనపెట్టిన ఏ మధ్యాహ్నమో మారుతుంది. ఆ మార్పును చూసే అవకాశం మీకు రాదు.

ఇన్ని నెలల తర్వాత చప్పున మాయమవడం మీకు కష్టమనిపిస్తే, చివరిసారిగా ఒక్క మాట రాయండి. ఒక విధానాన్ని ఎందుకు సమర్థిస్తున్నారని అడిగినప్పుడు మనుషులు తమ మాట మీదే నిలబడతారనీ, అది ఎలా పనిచేస్తుందో అంచెలంచెలుగా వివరించమన్నప్పుడు కొంత మెత్తబడతారనీ 2013లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. కాబట్టి నిలదీసే ప్రశ్న వేయకుండా ఇలా రాయవచ్చు: "అయ్యా, 1971లో మనకు అండగా నిలిచిన సోవియట్ యూనియన్‌లో ఉక్రెయిన్ కూడా భాగమే. ఆ నాటి నాయకుడు బ్రెజ్నెవ్ పుట్టిన ఊరు నేడు ఉక్రెయిన్‌లోనే ఉంది. అమెరికా విషయంలో మీ కోపం నాకు అర్థమైంది. అయితే ఆ నగరాల మీద బాంబులు పడటం వల్ల రష్యాకు భద్రత ఏ విధంగా పెరుగుతుందో మీకు వీలైనప్పుడు ఆలోచించమని మనవి. నా వైపు నుంచి ఇక సెలవు." ఆ తర్వాత ఆయన ఏం రాసినా మీకు కనిపించకుండా చేసుకోండి. జవాబు చదవాలన్న కోరిక మొదటి వారం గట్టిగానే ఉంటుంది.

తలవంచినట్లు కాదా అని అడిగారు. కాదు. మీరు చెప్పదలచినది చెప్పారు, చదివేవారు చదువుతారు, ఒక మనిషి ఒప్పుకోకపోయినంత మాత్రాన నిజానికి వచ్చిన లోటు లేదు. ఈ యుద్ధం గురించి మీ శ్రమ నిజంగా ఫలించే చోటు మన ఊళ్లోనే ఉంది. సహాయకుల ఉద్యోగాలని ఏజెంట్లు నమ్మించగా రష్యా వెళ్లి యుద్ధరంగంలో ఇరుక్కున్న భారతీయ యువకులలో తెలంగాణవారూ ఉన్నారు. వారిలో హైదరాబాద్ యువకుడు ఒకరు మరణించినట్లు 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయమే చెప్పింది. మీ బ్యాంకుకు విదేశీ చదువుల అప్పు కోసమో, విదేశీ ఉద్యోగానికి డబ్బు కట్టడం కోసమో వచ్చే తల్లిదండ్రులతో పది నిమిషాలు కూర్చుని, ఎవరు పంపుతున్నారు, కాగితాల మీద ఏముంది అని అడగగలిగిన స్థానంలో మీరున్నారు. వారు మీ మాట వింటారు.

ఫోన్ దాచే బాధ్యత మీ శ్రీమతి మీద వదలకండి. రాత్రి పదింటికి మీరే తీసుకెళ్లి ఆమె చేతికివ్వండి. ఆమె కోపం చాలావరకు అక్కడే తగ్గుతుంది.

మళ్లీ మీ అమ్మాయి దగ్గరకు వస్తాను. టపాసుల మోతకు తలుపేసుకోవడం ఒక్కటే చూసి ఏ జబ్బు పేరూ పెట్టడం నా వంతు కాదు. అయితే పీడకలలు, ఉలికిపాటు, ఆ రోజులను గుర్తుచేసే మాటలనూ మనుషులనూ తప్పించుకోవడం వంటివి ఇంకా ఉన్నట్లయితే, ఇన్నేళ్ల తర్వాత కూడా వాటికి మంచి చికిత్స ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలనుకుంటే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది. వైద్యం చదివిన పిల్ల కాబట్టి నాకు తెలుసులే నాన్నా అనవచ్చు. అంటే ఒత్తిడి చేయకండి, నంబరు ఆమెకు అందేలా చూసి, కొన్ని వారాలాగి మరొకసారి మాత్రం అడగండి. వెంట రమ్మంటే సెలవు పెట్టి వెళ్లండి, వద్దంటే వద్దు. ఈ దీపావళికి మీరు బయట కాకుండా ఇంట్లో ఆమెకు అందుబాటులో ఉంటానని ముందుగానే చెప్పండి.