నెల్లూరు నడిబొడ్డున రాత్రిపూట కుళ్ళు వాసన: ఎక్కడిది, ఎవరికి చెప్పాలి?

ట్రంకు రోడ్డుకు దగ్గర్లో ఇల్లు అద్దెకు తీసుకుని రెండు నెలలైందని, రాత్రి పది దాటితే కుళ్ళిన వాసన వచ్చి కిటికీలు మూసుకోవాల్సి వస్తోందని రాశారు. ఊరి మధ్యలో ఫ్యాక్టరీలే లేవు కదా, మరి ఇది ఎక్కడిది, ఎవరికైనా చెబితే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. ఉపయోగం ఉంటుంది. మేము నెల్లూరులోనే ఐదేళ్లు ఈ బాధ పడ్డాం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా ఇల్లు పాత పేటల్లో ఒకదానిలో. మేడ మీద ఆరేసిన దుప్పట్లు చీకటి పడేలోపు తీయకపోతే మళ్లీ ఉతుక్కోవాల్సిందే. మా చిన్నోడు పెరుగన్నం ముందు కూర్చుని "అమ్మా, పెరుగు పాడైపోయింది" అని కంచం పక్కకు తోసేవాడు. పెరుగు బాగానే ఉండేది. ఒకసారి కావలి నుంచి మా వదిన వచ్చింది. గేటు దగ్గరే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మాకేమో ఆ రోజు వాసనే లేదనిపించింది! రోజూ పీల్చే వాసనను ముక్కు కొన్నాళ్లకు పట్టించుకోవడం మానేస్తుంది. మీరు కొత్తగా వచ్చారు కాబట్టి మీకు బాగా తెలుస్తోంది. పక్కింటివాళ్లు "మాకేం రావట్లేదే" అంటే మీ మీద మీకు అనుమానం రానివ్వకండి.

మొదట్లో మేమంతా రైసు మిల్లు పొగ గొట్టాన్నే తిట్టుకునేవాళ్లం. అసలు సంగతి చెప్పింది ఎదురింటి మామ. ఆయన ముప్పై ఏళ్లు మిల్లుల్లో బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషి. "గొట్టం వైపు చూస్తావేందమ్మా, కాలవ వైపు చూడు. గొట్టంలో వచ్చేది ఊక పొగ. అది దగ్గు తెప్పిస్తది గానీ ఇట్టా కంపు కొట్టదు" అన్నాడు. మర్నాడు కాలవ వెంబడి నడిచాను. రెండు వీధులు దాటాక నీళ్లు పసుపు రంగులోకి మారాయి, పైన నురగ, అడుగున నల్లటి బురద. కర్రతో ఆ బురదను కదిపితే బుడగలు లేచాయి. రాత్రి మా పడకగదిలోకి వచ్చేది సరిగ్గా ఆ వాసనే.

ఉప్పుడు బియ్యం చేయాలంటే ముందు వడ్లు నానబెట్టాలి. కిలో వడ్లకు లీటరు నీళ్లకు పైగా పడతాయి. మన పుట్టి లెక్కలో చెప్పాలంటే, ఒక పుట్టి, అంటే 850 కిలోల వడ్లకు సుమారు వెయ్యి లీటర్లు. పాత పద్ధతిలో చన్నీళ్లలో ఒకటి నుంచి మూడు రోజులు నానబెడతారు. ఆ లోపు నీళ్లు పులిసిపోతాయి. వడ్లలోంచి దిగిన పిండి, చక్కెరలు అన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. వాటిని శుద్ధి చేయకుండా కాలవలోకి వదిలితే, గాలి ఆడని బురదలో బాక్టీరియా వాటిని తిని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను, పుల్లటి కంపు కొట్టే ఆమ్లాలను తయారుచేస్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, పాడైన వెన్న వాసన ఆ ఆమ్లాలది. దీనికి విరుగుడు లేకపోలేదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) వాళ్లు దశాబ్దాల కిందటే వేడినీళ్ల పద్ధతి తెచ్చారు. 70 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటల్లో వడ్లు నానిపోతాయి, పులిసే వ్యవధే ఉండదు. అయినా ఆ నీళ్లనూ శుద్ధి చేయాల్సిందే.

మరి ఊరి మధ్యలోకి ఎలా వస్తోందంటారా? మిల్లులు కట్టినప్పుడు అవి ఊరి అంచున ఉండేవి. ఊరు పెరిగి, 2004లో కార్పొరేషన్ కూడా అయింది. ఇళ్లు మిల్లుల్ని చుట్టేశాయి గానీ కాలవల దారి మారలేదు. వాసన వచ్చే చోటు, నీళ్లు వదిలిన చోటు ఒకటే కానక్కర్లేదు. కాలవే దాన్ని కిలోమీటరు దూరం మోసుకొస్తుంది.

రాత్రిపూటే ఎందుకంటే, పగలు ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, మధ్యాహ్నం దాటాక మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి తోలుతుంది. వాసన చెదిరిపోతుంది. పొద్దుగూకాక నేల చల్లబడి, గాలి నిలిచిపోయి, కిందనే పేరుకుంటుంది. చలికాలంలో మరీ ఎక్కువ. మార్చి, ఏప్రిల్‌లో కొత్త వడ్లు వచ్చి మిల్లులు ఆపకుండా ఆడతాయి కాబట్టి అప్పుడూ ఎక్కువే.

మేము మొదటిసారి నోటిమాటగా ఫిర్యాదు చేస్తే ఒకాయన పగలు పదకొండు గంటలకు వచ్చాడు. ఎండ మండిపోతోంది, గాలి వీస్తోంది, వాసన లేదు. "ఏమీ లేదు కదమ్మా" అని వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పటి నుంచి గోడ మీది క్యాలెండర్‌లోనే రాయడం మొదలుపెట్టాను: ఏ గంటకు మొదలైంది, ఎంతసేపుంది, ఎలాంటి వాసన, గాలి ఎటు నుంచి. గాలి తెలియడానికి మేడ మీద ఒక ఊదొత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూసేదాన్ని. మా వీధిలో ఇంకో ఎనిమిది ఇళ్లవాళ్లు కూడా రాశారు. నలభై రోజులకు లెక్క స్పష్టంగా తేలింది. వారంలో మూడు నాలుగు రాత్రులు, పదిన్నర ప్రాంతంలో కాలవలో నీటిమట్టం పెరుగుతోంది, ఆ తర్వాత అరగంటకు వాసన మొదలవుతోంది. కాలవ ఫొటోలు టైముతో సహా తీసి పెట్టుకున్నాం.

సంతకాల దగ్గర ఒక ఇబ్బంది వచ్చింది. మా వెనకింటామె భర్త ఆ మిల్లులోనే హమాలీ. "సంతకం పెడితే ఆయన పని పోతుందక్కా" అంది. వాళ్ల పాపకు ఆయాసం ఉంది, వాసన ఎక్కువైన రాత్రి ఆ బిడ్డ కూర్చునే నిద్రపోయేది. ఆమెను నేను ఒత్తిడి చేయలేదు. కానీ ఆ రోజే దరఖాస్తు మార్చి రాశాను. అంతకు ముందు "మిల్లు మూయించండి" అని ఉండేది. దాన్ని కొట్టేసి "నానబెట్టిన నీళ్లను శుద్ధి చేయకుండా కాలవలోకి వదలకుండా చూడండి" అని రాశాను. మీరూ ఇలాగే అడగమని నా గట్టి సలహా. మూయించమంటే హమాలీలందరూ మీకు ఎదురు నిలబడతారు, వాళ్ల భయంలో న్యాయం ఉంది. నీళ్ల సంగతి చూడమంటే కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

ఇక ఎక్కడికి వెళ్లాలంటే: సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో దరఖాస్తు ఇవ్వండి, రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి. కాపీలు కాలుష్య నియంత్రణ మండలి నెల్లూరు ప్రాంతీయ కార్యాలయానికి, కార్పొరేషన్ కమిషనర్‌కు. కాలవ పూడిక కార్పొరేషన్ పని, వదిలే నీళ్లు మండలి పని. ఇద్దరికీ ఇవ్వకపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. తనిఖీకి వాసన వచ్చే వేళలోనే రమ్మని దరఖాస్తులో రాయండి. దాంతోపాటు పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఆ పరిశ్రమకు ఇచ్చిన సీఎఫ్‌ఓ, అంటే నడపడానికి మండలి ఇచ్చే అనుమతి, దాని కాపీ అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. మాకు అన్నిటికంటే పనికొచ్చింది ఈ కాగితమే. శుద్ధి చేసిన నీళ్లను మిల్లు ఆవరణలోని చెట్లకే వాడాలని అందులో షరతు ఉంది. ఆ షరతును, మా ఫొటోలను పక్కపక్కన పెట్టి ఇచ్చాక రాత్రిపూట వచ్చి కాలవ నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు.

అప్పటికీ కదలకపోతే చట్టం ఉంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మునిసిపాలిటీ కేసులో, మురికి కాలవలు, ఆల్కహాల్ ఫ్యాక్టరీ వదిలే కంపు నీళ్లతో విసిగిన జనం మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లారు. డబ్బుల్లేవన్న మునిసిపాలిటీ మాటను 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు, పని చేసి తీరాలన్నారు. అప్పుడు వాడిన సీఆర్‌పీసీ (పాత నేర విచారణ స్మృతి) సెక్షన్ 133 ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152. దాని కింద ఆర్డీఓ దగ్గరకు వెళ్లొచ్చు. పర్యావరణ కేసులు చూసే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్‌కు చెన్నైలో ఉన్న దక్షిణ బెంచి కూడా మనకు వర్తిస్తుంది.

ఫోన్‌లో గాలి నాణ్యత సూచీ చూసి "బాగుంది అంటోందే" అనుకోకండి. 2009 నాటి జాతీయ ప్రమాణాల్లో 12 కాలుష్యాలున్నాయి, హైడ్రోజన్ సల్ఫైడ్ వాటిలో లేదు. గాలిలో వంద కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లున్నా ముక్కు దాన్ని పసిగడుతుంది. తలనొప్పి, వికారం అంత కొంచానికీ రావచ్చు.

మీది మిల్లు నీళ్ల వాసనే అని నేను చెప్పలేను. చేపల నీచు వాసనైతే రొయ్యల వ్యర్థాల వైపు వెతకండి. కాలిన ప్లాస్టిక్‌లా ఉంటే చెత్త తగలబెడుతున్నారని అర్థం. కానీ ఒక్కసారిగా ఘాటుగా వచ్చి కళ్లు మండితే మాత్రం రాసుకుంటూ కూర్చోవద్దు. రొయ్యల ప్లాంట్లలో, ఐసు ఫ్యాక్టరీల్లో చల్లదనానికి అమ్మోనియా వాడతారు. తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుని గాలికి అడ్డంగా, పక్కకు తప్పుకోండి. 112కు ఫోన్ చేయండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ జనాన్ని నిద్రలోనే కమ్మేసింది, గుర్తుంచుకోండి.

మా దగ్గర ఇప్పుడు మిల్లువాళ్లు తొట్లు కట్టి నీళ్లు శుద్ధి చేస్తున్నారు, కాలవలో పూడిక తీశారు. పూర్తిగా పోలేదు. మార్చిలో రెండు మూడు రాత్రులు మళ్లీ వస్తుంది, మేము మళ్లీ క్యాలెండర్‌లో రాస్తాం. మీరు ఒక వారం గంటలు, గాలి రాసి, మీ కాలవ ఎటు నుంచి వస్తోందో ఇక్కడ పెట్టండి. మా దరఖాస్తు నకలు నా దగ్గర ఉంది, అందులో మీ వీధికి ఏం మార్చుకోవాలో చెబుతాను.